గడి మధ్యలో చుక్క

సోమవారం

ప్రియమైన అన్నయ్యకి,

నువ్వు బాగున్నావా, వదిన మోకాలు ఎలా ఉంది అని పద్ధతిగా మొదలుపెడదామనే కూర్చున్నాను. కానీ ముందు కడుపుమంట దించుకోనివ్వు. ఫోన్లో అయితే రెండో నిమిషానికే ఇద్దరం అరుచుకుని పెట్టేస్తాం. నాన్న పోయినప్పటినుంచీ అదే వరస కాబట్టి, మనం చేసుకున్న ఒప్పందం ప్రకారం కాగితం మీదే అరుస్తున్నాను.

నిన్న పొద్దున్న మా మూడో కుంట కంచె దగ్గర పదకొండు మంది నిలబడి ఉన్నారు. అందరి మెడల్లోనూ కెమెరాలు. ఊరందరి మురుగూ వచ్చి చేరే ఈ శుద్ధి కేంద్రంలో, ల్యాబులో నీళ్లు పరీక్షిస్తూ, ఇదే ఆవరణలో క్వార్టర్లో పడి ఉండి పద్నాలుగేళ్లయింది. ఇంతవరకూ ఇక్కడికి చూడవచ్చిన చుట్టం లేడు. నువ్వే మూడుసార్లు వచ్చావు, మూడుసార్లూ జేబురుమాలు ముక్కు మీదనుంచి తీయలేదు. అలాంటిది పదకొండు మంది వచ్చి, "గుడ్లగూబ ఏ చెట్టు మీద?" అని నన్ను అడిగారు. గుడ్లగూబ లేదు, ఎప్పుడూ లేదు అన్నాను. నేను దాచిపెట్టానన్నట్టు చూశారు. ఒకడు ఫోను తీసి మీ పక్షి, జంతు పరిశీలకుల సంఘం వాళ్ల జిల్లా జాబితా చూపించాడు. పటంలో ఎర్ర చుక్క సరిగ్గా మా మూడో కుంట మీద ఉంది.

వాళ్లు వెళ్లాక వెళ్లి చూశాను. కంచె పొడుగునా బిస్కట్ కాగితాలు, ముక్కు చీదిన టిష్యూలు, నీళ్ల సీసాలు. ఒక మహానుభావుడు గేటు వాల్వు చక్రం మీదే ఉచ్చ పోసి పోయాడు. రోజూ ఊరంతటి మలం మీద బతికే మనిషిని, నాకే రోత పుట్టిందంటే అర్థం చేసుకో. ఆ కుంట తొమ్మిదేళ్లుగా వాడకంలో లేదు, అందులోకి వచ్చేవి శుద్ధి అయిన నీళ్లే. ఆ పక్కకి ఎవరూ పోకూడదు. ఆ చుక్క తీయించు.

నీ చెల్లెలు,
పిచ్చుక


గురువారం

ప్రియమైన పిచ్చుకకి,

నీ ఉత్తరం చదివి పగలబడి నవ్వి మీ వదినతో తిట్లు తిన్నాను. ఉరిమి ఉరిమి మంగళం మీద పడ్డట్టు, ఆ చుక్క పోయిపోయి నీ నెత్తిన పడింది.

నీకు చెప్పకూడదు గానీ చెబుతున్నాను. జిల్లాలో ముప్ఫై ఏళ్ల తరవాత కొమ్ముల గుడ్లగూబ గూడు పెట్టింది. ఎక్కడో నీకు కూడా రాయను. అలాంటి అపురూపమైన వాటి అసలు చోటు బయటికి పొక్కకుండా మాకో నియమం ఉంది. జిల్లా పటాన్ని గళ్లుగా విడగొట్టాం కదా, సర్వే ఆఫీసులో ఉండగా నేనే గీశాను. గూడు గడిలో ఏ మూల ఉన్నా సరే, బయటి జాబితాలో చుక్క మాత్రం గడికి సరిగ్గా మధ్యలో పెడతాం. నీ గడికి మధ్య ఎక్కడో ఇన్నేళ్లలో నేనెప్పుడూ చూసుకోలేదు. చూస్తే మీ మూడో కుంట.

అంటే నియమం పనిచేస్తోందన్నమాట. ఆ మంద అంతా నీ దగ్గర తిరుగుతున్నంతసేపూ నా గుడ్లగూబ పిల్లలు క్షేమం. ఆ కెమెరాల వాళ్లంటే నాకు నీకన్నా ఎక్కువ అసహ్యం. మా సంఘంలోనే ఒకడున్నాడు, వాడి లెన్సు సైజు చూసి ఫిరంగి అంటాం. పోయినేడు బతికున్న ఎలుకని దారంతో మేకుకి కట్టి, డేగ దాని మీద వాలుతుంటే ఫొటోలు తీశాడు. ఆ ఫొటోకి బహుమతి కూడా వచ్చింది. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను, తరవాత ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను.

మూడు వారాలు ఓర్చుకో, పిల్లలు ఎగిరిపోతాయి, చుక్క తీసేస్తాను. అయినా మీ మురుగు కుంటల దగ్గర కొత్తగా పాడైపోయేదేముంది చెప్పు?

మీ వదిన మోకాలు అలాగే ఉంది.

నీ అన్నయ్య


ఆదివారం

అన్నయ్యా,

"పాడైపోయేదేముంది" అన్నావు. ఆ ముక్క దగ్గర ఉత్తరం మడిచి పక్కన పెట్టి, ఇవాళే మళ్లీ తీశాను.

ఇవాళ నలభై మంది వచ్చారు. గేటు దగ్గర కాపలా ఉండే బాబాయి ఒక్కడే, అరవై దాటిన మనిషి, ఎంతమందిని ఆపుతాడు? అడ్డం వెళితే ఒకావిడ అతనికి చిల్లర ఇవ్వబోయింది. కంచె రెండు చోట్ల కత్తిరించారు. ఎవరో స్పీకరు తెచ్చి పట్టపగలు గంటసేపు గుడ్లగూబ కూతలు వేశారు. పెంపుడు జంతువుల కొట్లో కొన్న తెల్ల ఎలుకల్ని డబ్బాలో తెచ్చి గట్టు మీద వదిలారు. వాటికి పరిగెత్తడం కూడా తెలియదు, వదిలిన చోటే ముద్దగా కూర్చున్నాయి. నాలుగింటిని ఏరి ల్యాబుకి తెచ్చుకున్నాను, మిగతావాటిని వాళ్లతో వచ్చిన కుక్క తినేసింది. అది చూసి నవ్వుకున్నారు. ప్రకృతి అంటే వీళ్లకి ప్రాణమట. వీళ్లని చూశాక మా మొదటి ట్యాంకు మీద తేలే తెట్టు శుభ్రంగా కనిపిస్తోంది.

నేను అడిగేది చాలా చిన్నది. చుక్కని రెండు కిలోమీటర్లు పక్కకి జరుపు. సిమెంటు ఫ్యాక్టరీ ఉంది, దాని కప్పు మీద పెట్టు. నీ గుడ్లగూబకి ఏమీ కాదు. ఎందుకు అని అడుగుతావేమో, అక్కడ ఒకటుంది. ఏమిటో చెప్పను. మీ సంఘానికి చెప్పే అలవాటు ఏడేళ్ల కిందటే మానుకున్నాను.

పిచ్చుక


బుధవారం

ప్రియమైన పిచ్చుకకి,

నీ మాట నిన్నటి సమావేశంలో పెట్టాను. పెట్టలేదని మాత్రం అనకు. మొదటి నలభై నిమిషాలూ బిస్కట్లు ఎవరు తేవాలన్న దాని మీదే గడిచాయి. మా అధ్యక్షుడు పళ్ల డాక్టరు కదా, క్రీము బిస్కట్లు వద్దంటాడు. ఫిరంగి క్రీము లేకపోతే రానంటాడు. ఇరవై రెండేళ్లుగా ఈ మనుషుల మధ్య కూర్చుని నమోదు పుస్తకం రాస్తున్నాను, అదీ నా బతుకు.

చుక్క జరపడానికి ఒప్పుకోలేదు. నిజం చెప్పాలంటే నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. ఒక చుక్కని ఇష్టమొచ్చినట్టు జరిపితే రేపు ఇంకొకరు ఇంకోటి జరపమంటారు. పుస్తకంలో ఒకసారి సిరాతో ఎక్కింది కొట్టెయ్యకూడదు, దిద్దకూడదు. ఆ నియమం పెట్టిందే నేను. ఇవాళ చెల్లెలి కోసం నేనే దాటితే రేపు వాళ్ల ముందు తలెత్తుకోలేను.

అయితే ఒక దారుంది. మీ కుంట దగ్గర నిజంగా రక్షించాల్సింది ఏదైనా ఉంటే, ఈ ఫారం నింపి పంపు. జంతువు పేరు, చోటు, తేదీ, రుజువు, ఇద్దరు సాక్షులు. అన్నిటికన్నా కింద ఉన్న గడి చచ్చిపోయిన వాటికోసం: మరణ కారణం. సాధారణంగా అక్కడ వాహనం, కరెంటు తీగ, కుక్కలు, విషం అని రాస్తుంటాం. ఆ గడి నీకు అక్కర్లేదు. మిగతావి సరిగ్గా నింపితే వచ్చే వారం శనివారం సమావేశంలో నేనే చదివి వినిపిస్తాను.

ఏడేళ్ల కిందటి సంగతి ఇప్పుడెందుకు తవ్వడం?

నీ అన్నయ్య


శుక్రవారం

జిల్లా నమోదుదారు అన్నయ్య గారికి,

ఫారం నింపాను. అందులోని గళ్లు చిన్నవి, అందుకే ఇక్కడ విడిగా రాస్తున్నాను.

జంతువు: నీటికుక్క. తల్లి ఒకటి, పిల్లలు మూడు. చోటు: మూడో కుంట గట్టు కింద పాత తూము, రెండు వైపులా తెరిచి ఉంటుంది, తుంగ కప్పేసి ఉంటుంది. తేదీ: ఏడేళ్లుగా రోజూ. తల్లి పొద్దున్నే ఈదుకుంటూ వచ్చి, నేను నీళ్ల శాంపిలు తీసే మెట్టు మీద చేప తల తిని, తోక నాకు వదిలిపెట్టి పోతుంది. తోక నా వాటా అని నా నమ్మకం. పిల్లలు పుట్టి నెలన్నర అయింది, ఇంకా ఈత రాదు, తూములోంచి సన్నగా ఈల వేసినట్టు అరుస్తుంటాయి. అందుకే చుక్క తీయమన్నాను. ఈత వచ్చేదాకా అవి ఎక్కడికీ పోలేవు.

రుజువు: ఈ కవరుతో పాటు పొట్లం ఉంది. దాని పెంట. చేప పొలుసులు, ముళ్లు కనిపిస్తాయి.

ఇదే పొట్లం ఏడేళ్ల కిందట కూడా తెచ్చాను, గుర్తుందా? డ్యూటీ దిగి బట్టలు కూడా మార్చుకోకుండా, లైబ్రరీ మేడ మీద మీ సమావేశానికి పరిగెత్తుకుంటూ వచ్చాను, రబ్బరు బూట్లతోనే. నేను గుమ్మంలో ఉండగానే మీవాళ్లు ముక్కులు మూసుకున్నారు. ఒకాయన కిటికీ తెరిచాడు. పొట్లం బల్ల మీద పెట్టి వచ్చేశాను. వారానికి చీటీ వచ్చింది. "మురుగు కుంటలో నీటికుక్క ఉండే అవకాశం లేదు. ఇది కుక్క మలం. ఒకే సాక్షి. తిరస్కరణ." కింద రబ్బరు ముద్ర, సంతకం లేదు. ఆ చేతిరాత ఎవరిదని నేను ఎవరినీ అడగలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సరిపెట్టుకున్నాను.

రెండో సాక్షి: లేరు. ఎవరికైనా చూపిస్తే అవి ఉండవు. నువ్వు రా. సెలవు పెట్టి నీకోసం చూస్తాను, మంగళవారం పొద్దున్న. జేబురుమాలు తెచ్చుకో, ఏమీ అనుకోను.

పిచ్చుక


శనివారం సాయంత్రం

నా బంగారు పిచ్చుకకి,

మంగళవారం రాలేకపోయాను. గుడ్లగూబ పిల్లలు గూటి అంచుకి వచ్చాయి, వదిలి రాబుద్ధి కాలేదు. నీ ఫోను మీ వదిన ఎత్తిందట, నాకు రాత్రి చెప్పింది. నీ పొట్లం కూడా తనే విప్పింది, ఏదో మసాలా పంపావనుకుని వంటింట్లోనే. ఆ తరవాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అవన్నీ వదిలెయ్. ఇవాళ నీకు శుభవార్త. మధ్యాహ్నం ఫిరంగి ఒక ఫొటో పంపాడు. నీటికుక్క పిల్ల, మీ కుంట గట్టున గడ్డిలో, ఒళ్లంతా ఎండ పడుతూ, కళ్లు మూసుకుని ఎంత హాయిగా నిద్రపోతోందో. మీసాలు లెక్కపెట్టొచ్చు. నేను లేచి నీ ఫారం చదివాను. ఈసారి ఎవరూ కిటికీ తెరవలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. పళ్ల డాక్టరు అయితే క్రీము బిస్కట్ తిన్నాడు. జిల్లాలో మొట్టమొదటి నీటికుక్క నమోదు. ఫొటో ఉంది కాబట్టి తొలి పరిశీలకుడిగా ఫిరంగి పేరు, ధ్రువీకరించినందుకు నా పేరు పడతాయి. నీ పేరు కూడా కృతజ్ఞతల్లో వెయ్యమని చెప్పాను.

ఇంకో మాట, నువ్వు దిగులు పెట్టుకున్నావు కదా. దాన్ని వెంటనే రక్షిత జాబితాలో చేర్చాం. అసలు చోటు ఎవరికీ తెలియదు. నియమం ప్రకారం చుక్క గడి మధ్యలోకి వెళ్లిపోయింది.

పోస్టులో అయితే రెండు రోజులు పడుతుంది. ఫిరంగి మళ్లీ ఫొటోలకి రేపు పొద్దున్నే అటే వస్తున్నాడట, ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. వెనకాలే పదకొండు గంటల బస్సుకి నేనూ వస్తాను. నాకు నీ నీటికుక్కని చూపించు.

గర్వంతో,
నీ అన్నయ్య


ఆదివారం, ఎనిమిదిన్నర

అన్నయ్యా,

నీ ఉత్తరం అందింది. తెచ్చిచ్చిన చేతులు కూడా చూశాను. వాటితోనే కదా సర్దింది.

నిన్న పొద్దున్న నేను ల్యాబులో ఉన్నాను. బాబాయి గేటు దగ్గర పదిమందితో వాదిస్తుంటే మిగతావాళ్లు కత్తిరించిన కంచెలోంచి వచ్చారు. స్పీకర్లో గుడ్లగూబ కూత వేశారు. తూములోంచి పిల్లలు బెదిరి ఈల వేశాయి. గుడ్లగూబ పిల్లలు బదులు పలుకుతున్నాయని ఎవడో అన్నాడు. గుడ్లగూబ తూములో గూడు పెడుతుందా అని ఒక్కడికైనా తోచలేదు, ఇంత చదువుకున్న మంద. స్పీకరు తూములోకి తోశారు. తల్లి అవతలి వైపు నుంచి ఒక పిల్లని నోట కరుచుకుని కుంటలోకి దూకింది. మిగతా రెండూ లోపలికి, బురదలోకి పోయాయి. బయటికి రప్పించాలని ఫిరంగి పాత పేపర్లు అంటించి తూము నోట్లో పెట్టాడు.

పొగ చూసి నేను వెళ్లేసరికి రెండూ గట్టు మీద ఉన్నాయి. ఒకటి అప్పటికే పోయింది. ఇంకొకటి నా చేతిలో కాసేపు ఉండి పోయింది. నేను దాన్ని పట్టుకుని కూర్చుంటే, ఫిరంగి మొదటిదాన్ని తీసుకెళ్లి గడ్డి మీద పడుకోబెట్టాడు. టిష్యూతో మొహం మీద బురద తుడిచాడు. ఎండ పడేలా తల ఇటు తిప్పాడు, తోక సర్దాడు. వాంతి వచ్చింది నాకు. మురుగు ట్యాంకులో పడ్డ రోజు కూడా రాలేదు.

నీ నిద్రపోతున్న పిల్ల అదే. ఇరవై రెండేళ్ల నుంచి చూస్తున్న కళ్లు నీవి. మీసాలు లెక్కపెట్టావు, ఊపిరి ఉందో లేదో చూడలేదు.

ఇక చుక్క సంగతి. గడి మధ్యలోకి పంపి దాచేశానని రాశావు. గడి మధ్య ఎక్కడ, అన్నయ్యా? నువ్వే కదా గీసింది. ఇవాళ ఏడింటికే ఇరవై మంది వచ్చేశారు. ఇప్పుడు వాళ్లు అడుగుతున్నది గుడ్లగూబని కాదు.

తల్లి కనబడలేదు. మెట్టు మీద చేప తోక లేదు. పిల్లలు రెండూ ల్యాబు ఫ్రిజ్‌లో, శాంపిలు సీసాల పక్కన ఉన్నాయి, మీకు రుజువులంటే ఇష్టం కదా.

ఈ ఉత్తరం గేటు దగ్గర బాబాయికి ఇస్తున్నాను. నువ్వు బస్సు దిగి వచ్చాక ఇస్తాడు. చదువుకుని వెళ్లిపో. నీ మొహం చూస్తే ఏమంటానో నాకే తెలియదు.


గురువారం

పిచ్చుకా,

ప్రియమైన అని రాసే మొహం లేదు.

నీ ఉత్తరం గేటు దగ్గర నిలబడి చదివాను. బాబాయి కుర్చీ వేశాడు, కూర్చోలేకపోయాను. నా పక్కనుంచే ముగ్గురు కెమెరాలతో లోపలికి పోయారు. వాళ్లలో ఒకాయన నన్ను గుర్తుపట్టి, మంచి నమోదు చేశారండీ అని చెయ్యి కలిపాడు. కలిపాను. తరవాత ఆ చెయ్యి ఎంతసేపు కడిగినా నాకు శుభ్రమైనట్టు లేదు. జేబులో రుమాలు ఉంది. తీయలేదు. ఏ వాసనా రాలేదు, పిచ్చుకా, తుంగ వాసన తప్ప. పద్నాలుగేళ్లుగా నేను ముక్కు మూసుకున్నది దేనికో నాకు తెలియదు.

ఏడేళ్ల కిందటి చీటీ నాదే. అడగలేదన్నావు, అంటే ఆ రోజే తెలుసన్నమాట. తెలియకేం, నీ స్కూలు పుస్తకాలకి అట్టలు వేసి పేర్లు రాసిన చెయ్యే. ఆ పొట్లం వాళ్లందరూ పోయాక నేను విప్పాను. పొలుసులు చూశాను, వాసన చూశాను. నీటికుక్కదని తెలిసింది. తెలిసే కుక్క మలం అని రాశాను. నువ్వు ఆ బూట్లతో గుమ్మంలో నిలబడి, అందరి ముందూ నన్ను అన్నయ్యా అని పిలిచావు. నాకు సిగ్గేసింది. నీ వల్ల కాదు, వాళ్లు ముక్కులు మూసుకున్నారని. ఆ రోజు నిజం రాసి ఉంటే ఏడేళ్ల కిందటే ఆ కుంట రక్షిత జాబితాలో ఉండేది. ఆ గడిలో ఇంకే చుక్క పెట్టేముందైనా మధ్యలో ఏముందో చూసుకునేవాణ్ణి.

గుడ్లగూబ పిల్లలు సోమవారం ఎగిరిపోయాయి. అటు ఒక్క మనిషి రాలేదు. నా నియమం అంత బాగా పనిచేసింది.

బయటి జాబితాలో మీ గడి మొత్తం ఖాళీ చేశాను. లోకానికి ఇప్పుడు అందులో కాకి కూడా లేదు. పుస్తకంలో మాత్రం మంగళవారం సమావేశంలో, అందరి ఎదుటా, సిరాతో రెండు నమోదులు రాశాను. మొదటిది ఏడేళ్ల కిందటి తేదీతో: నీటికుక్క, పరిశీలకురాలిగా నీ పేరు, రెండో సాక్షి నేను. చోటు రాయలేదు. చూడకుండా సాక్షి ఎలా అవుతారని పళ్ల డాక్టరు అడిగాడు. ఆ రోజు నేను చేసింది చెప్పాను.

రెండోది శనివారం నాటిది: నీటికుక్క పిల్లలు రెండు, మృతి. మరణ కారణం అన్న గడిలో "పరిశీలకులు" అని రాశాను.

గొడవైంది. ఫిరంగి కుర్చీ తన్ని లేచాడు. పళ్ల డాక్టరు నన్ను పక్కకి పిలిచి నెమ్మదిగా చెప్పాడు. "పొగ అని రాయండి. అదీ అబద్ధం కాదు కదా." కాదు. కానీ పుస్తకంలో సిరాతో ఎక్కింది కొట్టెయ్యకూడదు, దిద్దకూడదు. ఆ నియమం ఇరవై రెండేళ్ల కిందట వాళ్లందరూ చేతులెత్తి ఒప్పుకున్నదే. నమోదు పుస్తకం బీరువా తాళాలు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

తల్లి తిరిగొచ్చిందా, ఆ మూడో పిల్ల బతికే ఉందా అని నేను అడగను. తెలిసినా నాకు రాయకు.

ఏడేళ్లు ఆలస్యంగా,
నీ రెండో సాక్షి